ఈ-మెయిలు: పంచాయతి తపాలా పెట్టె

పంచాయతి పరిపాలనలో ఉత్తరమునకు గల స్థానమును సభ్యులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. పై కార్యాలయము నుండి వచ్చు తాఖీదు, పంచాయతి పంపు నివేదిక, వర్తకుడు పంపు బిల్లు, గ్రామస్థుడు వ్రాయు అర్జీ - ఇవన్నియు ఉత్తరములే. నేడు వీనిలో పెక్కు కాగితము లేకుండగనే వచ్చి పోవుచున్నవి. వీనికే ఈ-మెయిలు అని పేరు. ఇది కార్యదర్శి పనియో, కంప్యూటరు ఆపరేటరు పనియో అని సభ్యులు ఊరకుండుట కలదు. కాని ఆ పెట్టెలో పడినది పంచాయతికి వచ్చిన ఉత్తరము. దాని బాధ్యత పంచాయతిది. కావున అది ఎట్లు నడచునో, దానివలన మనకు ఏర్పడు విధు లెవ్వియో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పుట్టుక

1971లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, కేంబ్రిడ్జి పట్టణమునందలి బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అను సంస్థలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు పనిచేయుచుండెను. ఒకే కంప్యూటరును వాడుకొను పలువురు అందులోనే ఒకరికొకరు సందేశములు విడిచిపెట్టు పద్ధతి అంతకు ముందే ఉండెను. ఒక కంప్యూటరు నుండి వేరొక కంప్యూటరునందలి పెట్టెకు సందేశము పంపు మార్గమును టామ్లిన్సన్ ఏర్పరచెను. మొదటి పరీక్షలో రెండు యంత్రములును ప్రక్కప్రక్కనే ఉన్నను, సందేశము మాత్రము ఆర్పానెట్ అను కంప్యూటర్ల అనుసంధానము గుండ పోయి చేరెను. మనిషి పేరును, యంత్రము పేరును వేరుచేయుటకు ఆయన @ గుర్తును ఎన్నుకొనెను. బిల్లులలో ధర తెలుపుటకు వాడు గుర్తే ఇది. అందుచేతనే మనవారు దీనిని నేటికిని "ఎట్ ది రేట్" అని చదువుచున్నారు.

చిరునామా

ఈ-మెయిలు చిరునామాలో @ గుర్తుకు ఎడమ ప్రక్కనున్నది పెట్టె పేరు. కుడి ప్రక్కనున్నది ఆ పెట్టె గల కార్యాలయము పేరు. 1972 ఆగస్టు 15న మన దేశమున ప్రవేశపెట్టిన పిన్‌కోడు ఇట్టిదే. దూరపు తపాలా కార్యాలయమువారు కవరుపై గల మనిషి పేరుతో పనిలేకుండ, ఆ ఆరంకెలను చూచి ఉత్తరమును దారిపట్టింతురు. ఊరు చేరిన పిదపనే పేరుతో పని. ఈ-మెయిలులోను మొదట కుడి భాగము, చివరకు ఎడమ భాగము చదువబడును.

ప్రయాణము

ఒక కార్యదర్శి జిల్లా పంచాయతి అధికారికి మంచినీటి సరఫరా నివేదికను పంపుచున్నాడనుకొందము. పంపుటకు గుర్తును నొక్కగానే అది సూటిగ అధికారి ఫోనుకు పోదు. మొదట కార్యదర్శి పెట్టె ఉన్న సర్వరునకు చేరును. సర్వరనగా రాత్రింబవళ్లు నడచుచు ఇతర కంప్యూటర్లకు సేవచేయు కంప్యూటరు. దీనిని తపాలా కార్యాలయముగ భావింపవచ్చును. ఆ సర్వరు చిరునామాలోని కుడి భాగమును చూచి, ఆ పేరుగల సర్వరు ఎచట నున్నదని డొమైను నామ వ్యవస్థ అను జాబితాను అడుగును. పేర్లకు సరియగు సంఖ్యలను తెలుపు ఈ పద్ధతిని 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించెను.

చోటు తెలిసిన పిదప మొదటి సర్వరు రెండవ సర్వరును పలుకరించి, పంపువారి చిరునామాను, అందుకొనువారి చిరునామాను చెప్పి ఉత్తరమును అప్పగించును. ఈ అప్పగింత నియమములను 1982లో జొనాథన్ పోస్టెల్ ప్రకటించెను. తరువాత సవరణలు జరిగినను మూలపద్ధతి అదియే. ఉత్తరము చేరిన ప్రతి సర్వరును దానిపై తేదీని, వేళను వేయును. ఇది తపాలా ముద్రవంటిది. ఇదంతయు సాధారణముగ కొద్ది క్షణములలో ముగియును.

రెండవ సర్వరు పనిచేయనిచో మొదటి సర్వరు ఉత్తరమును దాచి మరల మరల ప్రయత్నించును. సాధ్యపడనిచో అందలేదని పంపినవారికే తిరుగు జాబు వచ్చును. చిరునామాలో ఒక్క అక్షరము తప్పినను ఉత్తరము తిరిగి రావచ్చును. లేదా అంతకన్న కీడుగ, వేరొకరి పెట్టెలో పడవచ్చును.

పెట్టెలో పడిన ఉత్తరము, దానిని తెరచువరకు సర్వరునందే వేచియుండును. గ్రామములో కరెంటు పోయినను, నెట్టు లేకున్నను అది చెడదు. ఇది గొప్ప సౌకర్యము. కాని ఇందులోనే ఒక చిక్కు కలదు.

పడినదే అందినట్లు

2000 అక్టోబరు 17 నుండి అమలులోనున్న సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ పత్రములకు వ్రాతపూర్వక పత్రముల గౌరవమిచ్చినది. ఒక కార్యాలయము తన ఉత్తరములకై ఒక పెట్టెను నిర్ణయించినచో, వేరు ఒప్పందము లేనపుడు, ఉత్తరము ఆ పెట్టెలో ప్రవేశించిన వేళయే అందిన వేళ అని ఆ చట్టముయొక్క 13వ సెక్షను చెప్పుచున్నది. చదివిన వేళ కాదు. పది దినములలో జవాబు కోరిన తాఖీదు సోమవారము పెట్టెలో పడి, పదునైదు దినములవరకు ఎవరును తెరువనిచో, "మాకు అందలేదు" అను సమాధానము నిలువదు. కాగితపు ఉత్తరమైనచో తపాలా బంట్రోతు గుమ్మములో పిలిచెడివాడు. ఈ పెట్టె పిలువదు. మనమే పోయి చూడవలెను. అక్కరలేని జాబులను వేరుచేయు "స్పామ్" అను అరలో మంచి ఉత్తరములు కూడ ఒక్కొక్కప్పుడు పడుచుండును గనుక దానిని సైతము చూడవలెను.

కవరుపై పేరు సాక్ష్యము కాదు

తపాలా కవరుపై పంపువారి పేరు ఎవరైనను ఎట్లైనను వ్రాయవచ్చును. ఈ-మెయిలు నియమములు ఏర్పడిన నాడు పంపువారి పేరును పరీక్షించు పద్ధతి లేకుండెను. తరువాత సర్వరులు కొంత పరీక్ష చేయుచున్నను, మోసగాండ్రు ఒక అక్షరము తేడాతో క్రొత్త చిరునామా సృష్టించి, దానికి పరిచితుని పేరు తగిలించుట నేటికిని సాధ్యమే.

పంచాయతికి పైపులు సరఫరా చేసిన వర్తకుని పేర ఒక జాబు వచ్చినదనుకొందము. "మా బ్యాంకు ఖాతా మారినది, సొమ్మును ఈ క్రొత్త ఖాతాకు పంపుడు" అని అందులో ఉన్నది. అట్టి జాబుకు అదే దారిన జవాబు వ్రాసి విచారించుట వ్యర్థము. జవాబు మోసగానికే చేరును. పూర్వము నుండి మనయొద్దనున్న ఫోను నంబరుకు మాట్లాడియో, మనిషిని పంపియో నిర్ధారించుకొనవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

తాళపుచెవి ఎవరిది?

పెట్టెకు పాస్‌వర్డే తాళపుచెవి. ఒకే ఒక్కనికి అది తెలిసి, పెట్టె అతని సొంత ఫోను నంబరుతో ముడిపడియుండి, అతడు బదిలీయై పోయినచో పంచాయతి తన ఉత్తరములనే కోల్పోవును. అట్లని దానిని గోడపై వ్రాయరాదు, ఊరందరకు చెప్పరాదు. ఇతరుని పాస్‌వర్డును మోసముతో వాడినవానికి 3 సంవత్సరముల వరకు ఖైదు, 1 లక్ష రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చునని ఆ చట్టముయొక్క 66సి సెక్షను చెప్పుచున్నది.

సభ్యులు చేయదగినవి

పంచాయతి ఉత్తరములు పంచాయతి పేర గల పెట్టెకే రావలెను; ఎవరి సొంత పెట్టెకును రారాదు. ప్రతి పనిదినమునను దానిని ఎవరు తెరువవలెనో, వారు సెలవులోనున్నపుడు ఎవరు చూడవలెనో ముందే తీర్మానింపవలెను. వచ్చిన ముఖ్యమైన ఉత్తరమును కాగితపు ఉత్తరమువలెనే ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కింపవలెను. కార్యదర్శి మారినపుడు రికార్డులు, తాళపుచెవులతోపాటు ఈ పెట్టెను కూడ అప్పగింత జాబితాలో చేర్చి, పాస్‌వర్డును వెంటనే మార్పింపవలెను.

వీనికి ఖర్చు లేదు. కంప్యూటరు విద్యయు అక్కరలేదు. తదుపరి సమావేశములో సభ్యులు ఒక్క ప్రశ్న వేసిన చాలును: "గత మాసము మన పెట్టెకు వచ్చిన ఉత్తరములెన్ని? వానిలో జవాబు పోయినవెన్ని?" ఈ ప్రశ్న ప్రతి మాసమును అడుగబడు పంచాయతిలో ఏ గ్రామస్థుని అర్జీయు చదువబడక పడియుండదని మా విశ్వాసము.