పెద్దమ్మ చదివిన చీటీ

మా రాత్రి బడికి ఒక పెద్దమ్మ వస్తుంది. యాభై ఏళ్లు దాటాక పలక పట్టింది. మొదట్లో అంకెలంటేనే ఆమెకు ఇష్టం. అక్షరాలు తర్వాత వచ్చాయి.

పెద్దమ్మ కూతురు అమెరికాలో ఉంటుంది. 2023లో కూతురి పురుడుకు పెద్దమ్మ అక్కడికి వెళ్లింది. తిరిగి వచ్చాక బడిలో అందరికీ ఒక సంగతి చెప్పింది. అదే ఈ పాఠం.

అది జూలై నెల. ఒక రాత్రి కూతురికి నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇంట్లో పెద్దమ్మ, ఐదేళ్ల మనవడు మిగిలారు. కూతురు ఆ సాయంత్రమే మర్నాటి పలహారం కలిపి ఫ్రిజ్‌లో పెట్టింది. మూత మీద తెలుగులో ఒక చీటీ అంటించింది. చీటీలో ఇలా ఉంది:

"అమ్మా, గిన్నె ముందే బయట పెట్టు. ఓవెన్ 350. రేకు కప్పి 30 నిమిషాలు. రేకు తీసి 15 నిమిషాలు. మధ్యలో కత్తి గుచ్చి చూడు."

"టీచరమ్మా, ఇంటిలో అడగడానికి ఎవరూ లేరు. పిల్లోడికి ఆకలి. ఆ చీటీ నేను నాలుగుసార్లు చదివాను" అంది పెద్దమ్మ.

ఇంతకీ ఆ వంట ఏమిటి? పాత బ్రెడ్డును గుడ్లు, పాలలో నానబెట్టి పెనం మీద కాలిస్తే దాన్ని ఫ్రెంచి టోస్టు అంటారు. ఫ్రాన్సు దేశంలో దాని పేరుకు "పోయిన రొట్టె" అని అర్థం. ఎండిపోయి పారేయాల్సిన రొట్టె అన్నమాట. మనం చద్దన్నాన్ని పారేస్తామా? పులిహోర కలుపుతాం. వాళ్లూ అంతే. మన హైదరాబాదులో చేసే డబుల్ కా మీఠా కూడా బ్రెడ్డుతో చేసేదే. కాకపోతే అందులో బ్రెడ్డును నేతిలో వేయించి పాకంలో, పాలలో నానబెడతారు.

అమెరికాలో ఇంటిల్లిపాదికీ ఒక్కొక్క ముక్క కాల్చే ఓపిక లేనివాళ్లు అంతా ఒకే గిన్నెలో పేర్చి ఓవెన్‌లో పెడతారు. ఓవెన్ అంటే మన బేకరీ బట్టీ లాంటిదే. చిన్న పెట్టెలా వంటింట్లో ఉంటుంది. ఆ ఇంట్లో బ్రెడ్డుకు బదులు తీపి బన్నులు వాడారు. ఈ బన్నులకు హవాయి దీవుల పేరు ఉంది. వీటి వెనుక కూలీల కథ ఉంది. 1878 నుంచి పోర్చుగీసు వాళ్లు చెరకు తోటల్లో పనికి హవాయి దీవులకు ఓడల్లో వెళ్లారు. వాళ్లతోపాటు వాళ్ల తీపి రొట్టె కూడా అక్కడికి చేరింది. పెరట్లో రాతి బట్టీలు కట్టుకుని కాల్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ బన్నులు అమెరికా అంతటా దుకాణాల్లో దొరుకుతాయి.

కూతురు చేసింది ఇది. 12 చిన్న బన్నులను చీల్చి, వెన్న రాసిన గాజు గిన్నెలో పరిచింది. 6 గుడ్లు, అర లీటరు పాలు, అర కప్పు చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక చెంచా దాల్చినచెక్క పొడి బాగా గిలకొట్టింది. ఆ పాలను బన్నుల మీద పోసింది. పైన వెన్న ముక్కలు వేసింది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. తాజా బన్నుల కన్నా ఒకటి రెండు రోజుల బన్నులే మంచివి. తాజావి పాలు తాగి ముద్దయిపోతాయి.

ఇప్పుడు చీటీ సంగతి చూద్దాం. గిన్నె ముందే బయట పెట్టమని ఎందుకు రాసింది? వెలుగుతున్న లాంతరు గాజు మీద నీటిచుక్క పడితే ఏమవుతుంది? టప్పున చిట్లుతుంది. చల్లటి గాజు గిన్నెను మండే ఓవెన్‌లో పెట్టినా అదే ప్రమాదం. అందుకని ఓవెన్ వేడెక్కేదాకా, అంటే ఒక పావుగంట, గిన్నెను బయట ఉంచాలి. గంటల తరబడి ఉంచితే గుడ్లు, పాలు చెడిపోతాయి.

350 అంటే ఏమిటి? మనం జ్వరం 102 ఉంది అంటాం కదా, అదే ఫారెన్‌హీట్ కొలత. ఆ కొలతలో నీళ్లు 212 దగ్గర మరుగుతాయి. ఓవెన్ 350 దగ్గర పెట్టాలి. మన దేశంలో అమ్మే ఓవెన్ల మీద ఎక్కువగా సెల్సియస్ అంకెలు ఉంటాయి. అప్పుడు 175 దగ్గర పెడితే సరి. కొలత చూడకుండా అంకె తిప్పితే వంట మాడుతుంది, లేదా పచ్చిగా ఉంటుంది. మాడితే రుచి పోతుంది, అంతే. గుడ్డు పచ్చిగా ఉంటే పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కత్తి గుచ్చమన్నది అందుకే. కత్తికి తడి గుడ్డు అంటితే ఇంకా కాలాలి.

పెద్దమ్మ గుచ్చింది. తడిగా ఉంది. ఇంకో 10 నిమిషాలు ఉంచింది. చీటీలో ఆ మాట లేదు. వంట తెలిసిన చెయ్యి కదా!

మనవడు రెండోసారి పెట్టించుకుంటుండగా ఫోను మోగింది. ఆడపిల్ల పుట్టింది.

ఇంకో సంగతి చెబుతూ పెద్దమ్మ తెగ నవ్వింది. అంతకు కొద్ది రోజుల ముందు బన్నుల పొట్లం మీద 08/05 అని చదివింది. "మే 8న పోయిన రొట్టె ఇంకా దాచారేంటి?" అని పారేయబోయింది. కూతురు ఆపింది. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. అది ఆగస్టు 5. అదే 05/08 అని ఉంటే మే 8. దాన్ని ఆగస్టు అనుకుని తింటే? మన దగ్గర ముందు రోజు, తర్వాత నెల. తేదీ ఎలా ఉన్నా బూజు కనిపిస్తే మాత్రం పొట్లం మొత్తం పారేయండి. బూజు గిల్లేసి తినకండి. దాని పోగులు కంటికి కనపడకుండా లోపలికి పాకి ఉంటాయి.

ఓవెన్ లేదా? 4 బన్నులు, 2 గుడ్లు, ఒక గ్లాసు పాలు, 3 చెంచాల చక్కెర చాలు. స్టీలు గిన్నెలో 20 నిమిషాలు నానబెట్టి, మూత బిగించి, ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి మీద ఉడికించండి. ఎర్రగా కాలదు గానీ మెత్తగా, జున్నులా వస్తుంది. ఫ్రిజ్ లేకపోతే రాత్రంతా నానబెట్టకండి.

చేసి చూడండి:
మీ ఇంట్లో ఉన్న ఒక పొట్లం తీయండి. దాని మీది తేదీ చదివి, నోటుపుస్తకంలో రోజు, నెల, సంవత్సరం విడివిడిగా రాయండి. ఆ తేదీని అమెరికాలో ఎలా రాస్తారో దాని పక్కనే రాయండి.