తప్పు ఒకచోట, ఫిర్యాదు వేరొకచోట

సంఘ కార్యాలయాలలోను, బట్టల కొట్లలోను విండోస్ సర్వరును చూచుకొను మన పిల్లలు ఈ పాఠమును శ్రద్ధగా చదువవలెను.

సైటు పేరు అడిగిన, దాని అంకెల చిరునామా చెప్పునది డి.ఎన్.ఎస్. సర్వరు. తనకు తెలియని పేరును పై సర్వరును అడిగి తెలిసికొనును. ఇదే ఫార్వర్డింగు. ఒక్కొక్కప్పుడు ఈవెంట్ లాగ్‌లో 7062 సంఖ్యతో హెచ్చరిక వచ్చును. సర్వరు తన సందేశమును తనకే పంపుకొన్నదని దాని భావము. చూడవలసినవాటిలో ఫార్వర్డర్ల జాబితాను మొదట చెప్పుటచే, కొందరు తొందరపడి దానిని చెరిపివేయుదురు. బయటికి వేరే దారి లేనిచోట నూలు ఆర్డర్లు, బిల్లులు అన్నియు నిలిచిపోవును.

కనుక ఈ వరుసన చూడుడు:

1. హెచ్చరికలోని పేరును, ఐ.పి. చిరునామాను వ్రాసికొనుడు.

2. ఫార్వర్డర్లలో ఈ సర్వరు సొంత చిరునామా ఉన్న, దానినొక్కటే తీయుడు. లేకున్న జాబితాను ముట్టవద్దు.

3. సెకండరీ జోన్ల మాస్టర్ జాబితాను, ప్రైమరీ జోన్ల నోటిఫై జాబితాను, రూట్ హింట్స్‌ను అట్లే చూడుడు.

4. డెలిగేషన్ చూడుడు. ఉపజోనును ఈ సర్వరుకే అప్పగించి, ఆ జోనును ఇందులో పెట్టకున్న, ప్రశ్న తిరిగి తన వద్దకే వచ్చును. జోనును చేర్చవలెను, లేదా డెలిగేషన్‌ను సరిదిద్దవలెను.

5. ఎన్.ఎస్.లుకప్ ఆదేశముతో అదే పేరును మరల అడుగుడు.

బట్టలో పోగు తప్పిన మగ్గమును విప్పివేయము. పోగు వెంట పడుగులోనికి పోయి తెగినచోటనే ముడివేయుదుము. ఇదియు అంతే.