లాగడం, మోయడం

పిల్లలూ, నాన్న పాత మినీవ్యాన్ కొన్నారు. దానికి ట్రైలర్ తగిలించాలి. హిచ్ బిగించాలి, ట్రైలర్ లైట్లకి వైరింగ్ వేయించాలి. ఇదంతా మెకానిక్ చూసుకుంటాడు. బరువు లెక్క మాత్రం మనదే!

చాలా మినీవ్యాన్లు 3,500 పౌండ్లకు మించి లాగలేవు. మీ వ్యాను సంగతి మాన్యువల్‌లో చూడండి. ట్రైలర్ బరువులో కనీసం పదో వంతు హిచ్ మీద పడాలి. 2,000 పౌండ్ల ట్రైలర్ అయితే 200. ఈ 200 పౌండ్లని వ్యాను లాగదు, మోస్తుంది, మీతోపాటు! మొత్తం ఎంత మోయగలదో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది.

సామానంతా ట్రైలర్ వెనకవైపే సర్దితే హిచ్ మీద బరువు తగ్గి, ట్రైలర్ అటూఇటూ ఊగిపోతుంది. చాలా ప్రమాదం. మన ఎడ్లబండికీ వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. తాతయ్యని అడగండి, చెప్తారు.

అభ్యాసం: అమ్మమ్మ పెట్టె వ్యానులో పెట్టాం. వ్యాను దాన్ని లాగుతుందా, మోస్తుందా?