తీతువు గ్రుడ్లు – ఊరకుక్కలు
(తల్లిదండ్రుల కొక పాఠము)



ఈ వార్షిక సంచికలో పరీక్షా ఫలితములను గూర్చియో, బిడ్డల హాజరును గూర్చియో వ్రాయుట మాకు పరిపాటి. ఈ మారు ఒక పిట్టను గూర్చియు, ఒక కుక్కను గూర్చియు వ్రాయుచున్నాము. మా బడిలో జరిగిన యొక పొరపాటు ఇందులకు కారణము. ఆ పొరపాటు బిడ్డలది కాదు, పెద్దలమైన మాది. కనుక దానిని దాచక చెప్పుట మా విధి యని తలంచితిమి.

1. చెరువు, నడిమి దిబ్బ

కోలారు జిల్లాలో ఏడాది పొడుగున పారు నది యొక్కటియు లేదు. మన పెద్దలు రెండు వేలకు పైగా చెరువులు కట్టించి, వాననీటిని నిలుపుకొని బ్రదికిరి. వానలు తప్పి, బోరుబావులు లోతునకు పోయిన కొలదియు చెరువు లెండి సర్కారు తుమ్మకు నెలవులైనవి. 2018 జూన్ నెలలో కోరమంగల–చల్లఘట్ట కణివె పథకము క్రింద బెంగుళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి మొదట లక్ష్మీసాగరము చెరువునకు పంపిరి. అచ్చటినుండి గొలుసుకట్టు చెరువుల గుండ ఆ నీరు మన నరసాపురము చెరువునకును వచ్చినది. ఆ నీటి శుద్ధిని గూర్చిన వాదములు వేరు విషయము. నీటి వెంట పక్షులు వచ్చినవనుట మాత్రము మనమందరము కన్నులార చూచినదే.

చెరువు నిండియున్నప్పుడు నడిమి దిబ్బ కనబడదు. ఎండలు ముదిరి నీరు తగ్గగానే అది బయటపడును. నాలుగు వైపుల నీరు, నడుమ వట్టి నేల. మన కది యెందుకును కొరగాని చోటు. తీతువునకు మాత్రము అదియే పురిటిల్లు.

2. తీతువు

తీతువును కన్నడమున టిట్టిభమందురు. నల్లని రొమ్ము, తెల్లని పొట్ట, పసుపుపచ్చని పొడుగు కాళ్లు, కంటి ముందు ఎఱ్ఱని తోలుమడత దాని గుర్తులు. రాత్రివేళ తీతువు కూసినచో ఇంటికి కీడని మన అవ్వలు భయపడుదురు. నిజమున కది మన కీడును తెలుపు కూత కాదు. తన గూటి దగ్గరకు ఎవరో వచ్చుచున్నారని అది పెట్టు మొర.

గూడను పేరే గాని అందులో పుల్ల యైనను ఉండదు. నేలను కొంచెము గోకి, చుట్టును గులకరాళ్లు చేర్చి, సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. మట్టిరంగు మీద నల్లని మచ్చలు గల ఆ గ్రుడ్లను నాలుగడుగుల దూరమునుండి చూచినను రాళ్లే యనుకొందుము. నాలుగు వారములు ఆలుమగలు మార్చి మార్చి పొదుగును. మిట్టమధ్యాహ్నము రొమ్ము ఈకలను నీట తడిపికొని వచ్చి గ్రుడ్లను చల్లబరచును. పిల్లలు పుట్టిన దినముననే పరుగెత్తగలవు. కాని ఎగురుటకు మరికొన్ని వారములు పట్టును.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. గ్రుడ్ల రంగు కంటిని మోసగించు కవచము. పైనుండి చూచు గ్రద్దకును, కాకికిని అది చాలును. కుక్క వెదకునది కంటితో కాదు, ముక్కుతో. వాసనకు రంగు అడ్డురాదు. కుక్కకు అడ్డువచ్చునది ఒక్కటే – నడుమనున్న నీరు.

3. జరిగిన సంగతి

గత సంవత్సరము మార్చి మూడవ వారమున ఆరవ తరగతి బిడ్డలిద్దరు మమ్ము చెరువు కట్టమీదికి పిలుచుకొని పోయిరి. దిబ్బమీద మూడు గూళ్లున్నవని చూపిరి. మాకు గూడొక్కటియు కనబడలేదు. మూడు చోట్ల పక్షులు కదలక కూర్చుండుట మాత్రము చూచితిమి. ఒడ్డునకును దిబ్బకును నడుమ అప్పటికి మోకాలిలోతు నీరుండెను. మరునాడు తరగతిలో ఆ పక్షిని గూర్చియే పాఠము చెప్పితిమి. బిడ్డలు దినమున కొకమారు కట్టమీదనుండియే చూచి నోటుపుస్తకమున లెక్క వ్రాయుచుండిరి.

ఉగాది నాటికి నీరు చీలమండ లోతునకు దిగినది. సెలవులు ముగిసి బడి తెరచిన దినమున ఆ బిడ్డలిద్దరు గంటకు ముందే వచ్చి, మాటలేక నిలిచిరి. వారితో పోయి చూచితిమి. మూడు గూళ్లలో ఒక్క గ్రుడ్డును లేదు. పెంకుల ముక్కలు, బురదలో కుక్కల అడుగులు మాత్రము మిగిలినవి. తీతువులు మా తలలమీద తిరుగుచు అరచుచునే యుండెను. అడుగుల వరుసలలో ఒకదానియందు ఎడమ ముందుకాలు నేల నీడ్చిన గీత యుండెను. దానిని చూచి ఆ బాలిక, “సార్, ఇది మన కరియ కాలు,” అనినది.

కరియ యనునది మా బడి వంటయింటి వెనుక పెరిగిన నల్లకుక్క. బండి తగిలి కాలు కుంటుపడినది. బిడ్డలకు దానిమీద మిక్కిలి ప్రేమ. బిసియూటలో మిగిలిన అన్నము, సాంబారు ప్రతిదినము గోడ వెనుక పోయించినది మేమే. జీవకారుణ్యమే యనుకొంటిమి. ఆ అన్నమునకు మరి అయిదారు కుక్కలు చేరినవి. ఉగాది సెలవులలో పొయ్యి వెలగలేదు. ఆకలిగొన్న కుక్కలు చెరువు దారి పట్టినవి.

తిరిగివచ్చుచుండగా ఆ బాలిక, “కరియను కొట్టుదురా, సార్?” అని అడిగినది. ముప్పది సంవత్సరములుగా పాఠములు చెప్పుచున్న మాకు ఆ క్షణమున సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానముగా వ్రాయుచున్నాము.

4. దీవులన్నిటిలో ఇదే కథ

మన దిబ్బ చిన్న దీవి. పెద్ద దీవులలోను, నదుల ఇసుకతిన్నెలలోను ఇదియే జరుగుచున్నది. సముద్రపక్షులు అనేకములు చెట్టు నెక్కక నేలమీదనే గ్రుడ్లు పెట్టును. నాలుగు కాళ్ల మృగము నీరు దాటి రాదను నమ్మకముతో అవి దీవుల నెన్నుకొనినవి. లక్షద్వీపములలో పిట్టి యను చిన్న ఇసుకదీవి యున్నది. అచ్చట మనుష్యులు కాపురముండరు. టెర్ను లను సముద్రపక్షులు గుంపులుగా అందు గ్రుడ్లు పెట్టును. లక్షద్వీపములు కుక్కలు లేని దీవులుగా పేరుపొందినవి.

ఆ టెర్నులకు దగ్గరి చుట్టమైన నదీ టెర్ను మన కర్ణాటకమందే యున్నది. భద్రా జలాశయమున వేసవిలో నీరు తగ్గి దిబ్బలు తేలినపుడు వేలకొలది పక్షులు వాటిపై గ్రుడ్లు పెట్టును. ఈ జాతికే దగ్గరిదైన స్కిమ్మరను పక్షి మన తెలుగువారి కాకినాడ తీరమునకు చలికాలమున వచ్చును. దాని క్రిందిముక్కు పైముక్కు కంటె పొడుగు. నీటిని చీల్చుచు ఎగిరి చేపను పట్టును. ఉత్తరమున చంబల్ నది ఇసుకతిన్నెలపై అది పిల్లలను చేయును. ఎగువ నీరు తగ్గి తిన్నె ఒడ్డుతో కలిసినపుడు కుక్కలు, నక్కలు నడిచి వచ్చి గ్రుడ్లు తినును. స్కిమ్మరు 2020 నుండి ప్రపంచమున అంతరించు ప్రమాదమున నున్న జాతులలో చేర్పబడినది.

ఒక్క కుక్క యేమి చేయగలదని అడుగవచ్చును. న్యూజీలాండు దీవులలో కివి యను ఎగురలేని పక్షి గలదు. 1987లో వైటాంగి అడవిలో ఒకే ఒక కుక్క తిరుగజొచ్చినది. శాస్త్రజ్ఞులు రేడియో యంత్రములు కట్టిన కివులలో సగమునకు పైగా అది కొన్ని వారములలోనే చంపినది. ఆ అడవిలో మొత్తము 500 కివుల వరకు దానివలన చచ్చియుండునని వారు అంచనా వేసిరి. హవాయి దీవులలో ఒవాహు దీవి కొనయందు సముద్రపక్షుల గూళ్లను కాపాడుటకు 2011లో కుక్క, పిల్లి, ముంగిస, ఎలుక దూరజాలని కంచె కట్టిరి.

కుక్క గ్రుడ్డు తినకున్నను కీడు తప్పదు. అది దిబ్బమీద తిరిగినంతసేపు తల్లిపక్షి గూటిపై వాలదు. ఆ ఎండలో నీడలేని గ్రుడ్డు లోపలి ప్రాణము ఉడికిపోవును. కాకి వచ్చి మిగిలినది తీసికొనిపోవును.

5. దోష మెవరిది?

2019 పశుగణనలో మన దేశమున వీధికుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలనియు, కర్ణాటకమున 11 లక్షలకు పైగా ననియు లెక్క తేలినది. 2018లో వెలువడిన యొక పరిశోధనమున మన దేశపు కుక్కలు 80 జాతుల వన్యప్రాణులపై పడినట్లును, అందు 31 జాతులు ఆపదలో నున్నవే యనియు తెలిపిరి.

కుక్కలు ఇంతగా పెరుగుటకు మన చేతలే కారణము. పూర్వము చచ్చిన పశువును రాబందులు తినెడివి. 1990 తరువాత పశువుల కిచ్చిన డైక్లోఫెనాక్ మందు వలన రాబందులు నూటికి 95కు పైగా నశించినవి. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది; కాని అంతలో ఆ కళేబరములు కుక్కల పాలైనవి. దానికి తోడు మాంసపు అంగళ్ల వ్యర్థములు, కల్యాణమండపముల విస్తళ్లు, మా బడి సాంబారన్నము. కుక్క తన స్వభావమును తాను అనుసరించినది. అన్నము పెట్టి, బాధ్యత మరచినది మనము.

కుక్కను చంపుట పరిష్కారము కాదు. విషము పెట్టుట నేరము కూడను. కేంద్ర ప్రభుత్వము 2023లో చేసిన నిబంధనల ప్రకారము వీధికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించుట స్థానికసంస్థల బాధ్యత. 2025 నవంబరు 7వ తేదీన సుప్రీంకోర్టు బడులు, ఆస్పత్రులు మొదలగు ఆవరణములలోనికి వీధికుక్కలు రాకుండ కట్టుదిట్టము చేయవలెనని ఆదేశించినది. ఇవి అవసరములే. కాని శస్త్రచికిత్స జరిగిన కుక్కకును ఆకలి యుండును. ఈ వేసవి గ్రుడ్లను కాపాడవలె నన్న మనము ఇంకను కొంత చేయవలెను.

6. మేము చేసినది, మీరు చేయదగినది

మా బడిలో మిగిలిన అన్నము ఇప్పుడు గోడ వెనుకకు పోదు. ప్రక్కయింటి ఆవుల కుడితితొట్టికి పోవుచున్నది. కరియను ఒక విద్యార్థి తండ్రి తన తోటకు తీసికొనిపోయి, టీకా వేయించి, రాత్రులు కట్టివేయుచున్నాడు. ఆ బాలిక ఆదివారములందు పోయి చూచి వచ్చును. తక్కిన కుక్కలు మాత్రము ఊరిలోనే యున్నవి. కనుక మీకు మా విన్నపములు:

(అ) పెంపుడు కుక్కలను మార్చి మొదలు వానలు పడువరకైనను చెరువు వైపు విడువకుడు.
(ఆ) విందులలో మిగిలిన విస్తళ్లను, కోడి వ్యర్థములను చెరువు గట్టున పారవేయకుడు, గోతిలో పూడ్చుడు.
(ఇ) దిబ్బచుట్టును నీరు నిలుచునట్లు ఒక కాలువ త్రవ్వింపుమని గ్రామసభలో అడుగుడు. ఒక వరుస గుంత చాలును. అదియే దాని కోటకు అగడ్త.
(ఈ) బిడ్డలను పక్షి చూచుటకు పంపుడు. కట్ట దిగవలదని చెప్పుడు. మనిషి అడుగుజాడ వెంట కుక్కయు పోవును.
(ఉ) కుక్క కరచినను, గీరినను గాయమును సబ్బుతో పారునీట పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోయి టీకాలన్నియు వేయింపుడు. రేబిస్ లక్షణములు కనబడిన తరువాత బ్రదుకుట దాదాపు లేదు.

ఇది అసాధ్యమైన పని కాదు. మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో హెజ్జార్లె బళగము వారు చెట్టునుండి జారిపడిన గూడబాతు పిల్లలను కుక్కలపాలు కానీయక తెచ్చి పెంచుచు వచ్చిరి. హిందూపురము వైపున, తెలుగువారి వీరాపురమున ఊరి నడుమ చింతచెట్లపై ఎఱ్ఱకాళ్ల కొంగలు పిల్లలను చేయును; ఊరివారు వాటిని అతిథులవలె చూచుకొందురు. ఆ గ్రామస్థులు మనకంటె ధనవంతులు కారు, ఎక్కువ చదివినవారును కారు.

7. ఇంట అడుగదగిన ప్రశ్నలు

1. తీతువు గ్రుడ్డు రాయివలె కనబడుటవలన ఎవరినుండి రక్షణ కలదు? ఎవరినుండి లేదు?
2. మన ఇంట మిగిలిన అన్నము ఎక్కడికి పోవుచున్నది? ఎవరు తినుచున్నారు?
3. తీతువును, తక్కిన నీటిపక్షులను మన అవ్వతాతలు తెలుగున ఏమని పిలిచిరి? కన్నడమున ఏమందురు? రెండు వరుసలుగా వ్రాయుము.

పంచతంత్రమున టిట్టిభ దంపతుల కథ మీరందరు వినియుందురు. సముద్రుడు వారి గ్రుడ్లను అపహరింపగా, పక్షులన్నియు కూడి గరుత్మంతునితో మొరపెట్టుకొనినవి. విష్ణువునకు వెరచి సముద్రుడు గ్రుడ్లను తిరిగి యిచ్చెను. కుక్క మ్రింగిన గ్రుడ్డును ఎవరును తిరిగి యీయజాలరు. మార్చి నెల వచ్చుచున్నది. నీరు తగ్గుచున్నది. ఆ బిడ్డలిద్దరు ఇప్పుడు ఏడవ తరగతిలో నున్నారు. క్రొత్త నోటుపుస్తకమున గీతలు గీసికొని సిద్ధముగా నున్నారు. ఈ మారు వారు ఏమి లెక్క వ్రాయుదురనునది మన చేతిలో నున్నది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు