కరోనా పోయింది, పెత్తనం పోలేదు

సమస్య

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుమ, తొలిసారి చెయ్యి చేసుకున్న భర్త ఇన్నేళ్లయినా ఆ అలవాటు మానకపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది కరీంనగర్ జిల్లాకు చెందిన ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయురాలి ప్రశ్న. ఆమె లేఖ ప్రకారం, అంతకుముందు ఏడేళ్ల కాపురంలో అలకలు, అనుమానాలు ఉన్నాయి గాని దెబ్బలు లేవు. బడి మూతపడి ఆమె జీతం ఆగిపోగా, వాహనాల షోరూములో పనిచేసే భర్తకు సగం జీతమే అందింది. పిల్లల ఆన్‌లైన్ పాఠాల పేరుతో ఆమె ఫోను అందరిదీ అయింది, ఏటీఎం కార్డు భర్త పర్సులోకి చేరింది, 2021లో ప్రైవేటు ఉపాధ్యాయులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు రెండు వేల రూపాయల చొప్పున ఇచ్చిన సాయాన్ని కూడా అతడే డ్రా చేశాడు. బడి తెరిచాక ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరింది గాని, కార్డు తిరిగి రాలేదు, ఫోను తనిఖీ ఆగలేదు.

ఆ రోజుల్లో గొడవల్లేని ఇల్లేదని అత్తగారు, పిల్లల మొహం చూసి సర్దుకొమ్మని కన్నతల్లి అంటున్నారు. ఉత్తరం ముగించాక గుర్తొచ్చి చేర్చినట్టున్న ఒక వాక్యంలో, పోయిన దసరా సెలవుల్లో భర్త గొంతు నులిమాడని, రెండు రోజులు మాట బొంగురుపోతే జలుబు చేసిందని బడిలో చెప్పుకున్నానని ఆమె రాసింది. కరోనా ఒత్తిడి వల్ల మారిన మనిషి మళ్లీ మారతాడా, ఇంతకాలం నోరు మెదపకుండా ఇప్పుడు ఫిర్యాదు చేస్తే చెల్లుతుందా అన్నవి ఆమె సందేహాలు.

సలహా

ఈ లేఖలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది ఆ చివరి వాక్యాన్నే. గొంతు నులమడం మిగతా దెబ్బల్లో ఒకటిగా లెక్కించదగినది కాదు. భాగస్వామి చేతిలో హతమైన స్త్రీల ఉదంతాలను పరిశీలించిన అమెరికా పరిశోధకులు, ఒకసారి గొంతు నులమబడిన స్త్రీకి తరువాతి కాలంలో హత్యాప్రమాదం ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో గుర్తించారు. పైకి కమిలిన గుర్తు లేకపోయినా లోపల రక్తనాళాలు దెబ్బతినే అవకాశం ఉంది, కొన్ని రోజుల తరువాత పక్షవాతం వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మాట బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కాసేపు స్పృహ తప్పడం లోపలి దెబ్బకు గుర్తులు. కాబట్టి ఆలస్యమైనా ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకొని, జలుబు మాట పక్కనపెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పి చీటీలో రాయించుకోవాలి. అటువంటిది మళ్లీ జరిగితే అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి ప్రశ్నకు వస్తే, మహమ్మారి హింసను పెంచిందన్నది నిజమే. జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింసపై 2019లో సుమారు 2,960 ఫిర్యాదులు రాగా, 2020లో అవి దాదాపు 5,300కు చేరాయి. పాజిటివ్ కేసులను బట్టి జిల్లాలను రెడ్, ఆరెంజ్, గ్రీన్ జోన్లుగా విడగొట్టిన రోజులను ఆధారం చేసుకొని రవీంద్రన్, షా అనే ఆర్థికవేత్తలు కమిషన్ ఫిర్యాదులను విశ్లేషించగా, ఆంక్షలు అతి కఠినంగా ఉన్న రెడ్ జోన్ జిల్లాల్లో గ్రీన్ జోన్లతో పోలిస్తే 2020 మే నెలలో గృహహింస ఫిర్యాదులు 131 శాతం ఎక్కువగా పెరిగాయని తేలింది. అంటే పెరుగుదల తలుపుల మూతను అనుసరించింది. అయితే ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కోసం తెలంగాణలో 2019లోనే, అంటే కరోనా పేరు ఎవరూ వినకముందే, వివరాలు సేకరించినప్పుడు పెళ్లయిన స్త్రీలలో 36.9 శాతం భర్త హింసను ఎదుర్కొన్నట్టు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం. హింస ముందే ఉంది. పుట్టింటి ప్రయాణం, బడి, పక్కింటి వాకిలి, సొంత జీతం వంటి దారులు ఉన్నంతకాలం దానికి అడ్డు ఉండేది, లాక్‌డౌన్ ఆ దారులన్నిటినీ ఒక్కసారిగా మూసింది.

మద్యాన్ని నిందించడం కూడా ఇక్కడ నిలవదు. కల్లు దొరక్క వణుకుతో, మతిస్థిమితం తప్పి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరిన రోజులవి. తెలంగాణలో మద్యం దుకాణాలు తిరిగి తెరుచుకున్నది మే 6న. ఈమెపై తొలి దెబ్బ పడింది ఏప్రిల్‌లో, ఇంట్లో చుక్క లేనప్పుడు. సగం జీతం ఇచ్చిన యజమాని ముందు అదుపులో ఉన్న చెయ్యి ఇంట్లో అదుపు తప్పిందంటే దానిని ఒత్తిడి అని మాత్రమే పిలవడం మర్యాద ఎక్కువైన వర్ణన.

సామాజిక శాస్త్రవేత్త ఇవాన్ స్టార్క్ 2007లో ప్రచురించిన గ్రంథంలో ‘నిర్బంధ నియంత్రణ’ అనే భావనను వివరించాడు: డబ్బు, ఫోను, రాకపోకలు, స్నేహాలు ఒక్కొక్కటిగా చేతుల్లోకి తీసుకొని, దెబ్బ లేని రోజున కూడా దెబ్బ భయంతోనే మనిషిని నడిపించే తీరు అది. ఈ ఇంట్లో 2020లో అవసరం పేరుతో చేతులు మారిన కార్డు అవసరం తీరినా తిరిగి రాలేదు. అందువల్ల భర్త మారతాడా అన్న ప్రశ్నకు అతడి కన్నీళ్లలో, ఒట్లలో జవాబు వెతకనవసరం లేదు. కార్డు ఎవరి దగ్గర ఉందో చూస్తే చాలు. అయితే దానిని నేరుగా అడిగి పరీక్ష పెట్టడం మాత్రం, హింస గొంతు దాకా వచ్చిన ఇంట్లో, ప్రమాదకరం.

రెండో సందేహానికి చట్టం అనుకూలంగానే ఉంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం దెబ్బలతో పాటు మాటల హింసను, లైంగిక హింసను, జీతం లాక్కోవడం వంటి ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తిస్తుంది. దాని 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు పెట్టుకునే దరఖాస్తుకు క్రిమినల్ కేసులకుండే కాలపరిమితి వర్తించదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో కామాక్షి కేసులో స్పష్టం చేసింది. పైగా హింస ఇంకా సాగుతోంది. దరఖాస్తులో కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటేయకుండా నివాస ఉత్తర్వు, భరణం, పిల్లల సంరక్షణ, స్త్రీధనం వాపసు అన్నీ కోరవచ్చు. అవసరమైతే భర్త వాదన వినకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది, ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా. జిల్లాలోని రక్షణ అధికారి, హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రం ఈ దరఖాస్తు రాయించి పెడతారు. స్త్రీలకు న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఏర్పాటు చేస్తుంది, ఆదాయంతో నిమిత్తం లేదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేసే కౌన్సెలింగుకు మాత్రం ఆమె తొందరపడి ఒప్పుకోకూడదు. భర్త వింటుండగా చెప్పిన ప్రతి మాటకూ ఇంటికి వెళ్లాక లెక్క అప్పజెప్పవలసి వస్తుంది.

తనిఖీ జరిగే ఫోను నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కు చేయకుండా బడిలోని సహోద్యోగిని ఫోను వాడుకోవడం మంచిది. ప్రాణభయం ఉన్న క్షణంలో ఏ ఫోనైనా సరే, 100 లేదా 112. విడిపోవాలనుకున్న సంగతి భర్తకు తెలిసిన తరువాతి వారాలే అత్యంత ప్రమాదకరం కనుక, ఆ మాట ముందుగా అనకుండా పదో తరగతి మెమో, బీఎడ్ సర్టిఫికెట్లు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్, పాస్‌బుక్కుల నకళ్లు బడిలోనో తల్లి దగ్గరో ఉంచాలి. కార్డు పిన్ మార్చడం, కొత్త ఖాతాకు జీతం మళ్లించడం ఇల్లు దాటాకే, లేదా ఉత్తర్వు చేతికి వచ్చాకే చేయాలి. తల్లికి గొంతు సంగతి తెలియదని లేఖను బట్టి తోస్తోంది. అది చెప్పి, అర్ధరాత్రి వచ్చినా ఎందుకొచ్చావని అడగకుండా తలుపు తీయమని, వచ్చిన సంగతి అల్లుడికి ఫోను చేసి చెప్పవద్దని ఇప్పుడే మాట తీసుకోవాలి.