పలికిన పాఠం: భద్రపరచు విధానం

తాళ్ళపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలపాటు మరుగుపడి, 1922లో వెలుగు చూసిన సంగతి విద్యార్థులకు విదితమే. రేకులపై సాహిత్యం నిలిచింది, రాగం పేరు నిలిచింది. అన్నమయ్య గొంతు నిలువలేదు. గొంతును నిలుపగల సాధనం నాడు లేదు. నేడు ఉన్నది. ఉండియు పోగొట్టుకొనుచున్నాము గనుకనే ఈ వ్యాసం.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధింపబడిన పిమ్మట మన పాఠాలు సెల్‌ఫోనులోనికి మారినవి. చిలమత్తూరు చుట్టుపట్ల పల్లెలలో విద్యార్థులు సిగ్నల్ కొరకు మిద్దెలెక్కి పాఠం విన్న రోజులవి. ఆ కాలంలోనే, మేము గురుతుల్యులుగా భావించే ఒక విశ్రాంత ఉర్దూ ఉస్తాదు గారు జూమ్ ద్వారా నాలుగు ఉపన్యాసాలు చేసిరి. తాసీల్దారు, జమాబందీ, ఫసలీ, రసీదు, దస్తావేజు వంటి మాటలు మన రైతు నోట ఎట్లు తెలుగైనవో వారు వివరించగా, వాటిని కంప్యూటరులో రికార్డు చేసితిమి. నాలుగవనాడు సమావేశం ముగియు క్షణానే కరెంటు పోయింది. తరువాత చూడగా ఫోల్డరులో వీడియో లేదు. 'డబల్ క్లిక్ టు కన్వర్ట్' అను పేరుతో ఏదో ఫైలు మాత్రం ఉన్నది. చెత్త అనుకొని మేమే తుడిచివేసితిమి.

అది చెత్త కాదు. జూమ్ తన రికార్డింగును మొదట ముడిరూపంలో ఉంచి, సమావేశం ముగిసిన పిదప ఎం.పి.4 వీడియోగా మారుస్తుంది. ఆ పని మధ్యలో ఆగితే మిగిలేది ఈ ఫైలే. ఉన్నచోటు నుండి కదపక, పేరు మార్చక, దానిపై రెండుసార్లు నొక్కితే చాలావరకు పాఠం దక్కుతుంది. 2021లో ఉస్తాదు గారు కాలం చేసిరి. మరల అడుగుటకు వీలులేదు.

కనుక రికార్డింగు ఎక్కడికి చేరునో ముందే ఎరిగి ఉండవలెను. జూమ్‌లో కంప్యూటరుకు రికార్డు చేసినది సాధారణంగా డాక్యుమెంట్స్‌లోని జూమ్ ఫోల్డరులో, తేదీతో కూడి ఉంటుంది. గూగుల్ మీట్‌లో అయితే సమావేశం ఏర్పాటు చేసినవారి డ్రైవులో, 'మీట్ రికార్డింగ్స్' అను ఫోల్డరులో వెదకవలెను. మైక్రోసాఫ్ట్ టీమ్స్ రికార్డింగులు వన్‌డ్రైవులోగాని షేర్‌పాయింట్‌లోగాని చేరుతవి. గడువు మార్చనిచో 120 రోజులకు అవే తొలగిపోతవి. ఇది తెలియక సెమిస్టరు చివర వెదకువారు పలువురు.

లింకు దాచుకొనుట పాఠం దాచుకొనుట కాదు. అధ్యాపకుడు బదిలీ అయి కళాశాల ఖాతా మూసివేయబడితే లింకు శూన్యమవుతుంది. సొంత గూగుల్ ఖాతాయైనను, రెండేండ్లు వాడకున్న తొలగించు నియమం 2023 డిసెంబరు నుండి అమలులోనికి వచ్చింది. ఉచిత స్థలం 15 జి.బి. మాత్రమే; అందులోనే ఉత్తరాలు, ఫోటోలు కూడ. అందుచేత ఫైలును దింపుకొని, రెండు హార్డ్ డిస్కులలో ప్రతులుంచి, వాటిని వేర్వేరు చోట్ల పెట్టవలెను. మన ప్రాంతపు ఎండకు ఇనుప బీరువా కుంపటి వలె కాగుతుంది. డిస్కుకు అది తగిన చోటు కాదు. ఏడాదికొకసారి తెరచి, వినబడుచున్నదో లేదో చూడవలెను. పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, పిమ్మట వక్త, విషయం ఉంచినచో వరుస తప్పదు. గ్రంథాలయంలో ఉర్దూ, తెలుగులలో ఒక రిజిస్టరు రాసిన మరీ మేలు.

అనుమతి విషయం తేలికగా తీసుకొనరాదు. రికార్డు చేయుచున్నామని మొదటనే చెప్పవలెను. తమ ముఖం వీడియోలో నిలువరాదని మా విద్యార్థినులు కొందరు కోరిరి. అది న్యాయమైన కోరికే. అట్టిచోట ధ్వని మాత్రమే ఉంచిన చాలును, స్థలమూ కలిసివస్తుంది.

ఉస్తాదు గారి మూడు ఉపన్యాసాలు నేడు రెండు డిస్కులలో ఉన్నవి. నాలుగవదాని నుండి మిగిలినవి, కోడికొండ నుండి వచ్చుచుండిన ఒక విద్యార్థిని నోటు పుస్తకంలోని నాలుగు పుటలు. మాటలున్నవి, వాటి అర్థాలున్నవి. 'ఫసలీ' అను మాటను పలికి వారు ఎందుకు నవ్విరో ఆ పుటలలో లేదు.