నమస్తే పథకం: కాలువలో దిగే ముందు వేడర్ సూట్ చూసుకోండి

మండపేటలో మురుగు కాలువలు, మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకుల పని చేసే కార్మికులు తెలుసుకోవలసిన విషయాలివి.

పథకం ఏమిటి?
కేంద్ర ప్రభుత్వం 2023-24లో ప్రారంభించింది. నమోదైన మురుగు, సెప్టిక్ ట్యాంక్ కార్మికులకు రక్షణ కిట్, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా ఇస్తారు. మీ పేరు నమోదైందా లేదా మున్సిపల్ ఆఫీసులో అడగండి.

వేడర్ సూట్ అడగవచ్చా?
అడగవచ్చు. బూట్లు అతికి, ఛాతీ దాకా వచ్చే ఈ సూటు 2013 నిబంధనల రక్షణ సామగ్రి జాబితాలోనే ఉంది. పని చేయించేవారే ఇవ్వాలి. కాంట్రాక్టు పనైనా సరే.

ఎలా ఎంచుకోవాలి?
• మోకాలి లోతు దాటితే గమ్ బూట్లు చాలవు. పైనుంచి నీళ్లు దిగుతాయి.
• తొడుక్కుని గొంతుకు కూర్చోండి. పట్టేస్తే పెద్ద సైజు అడగండి.
• అడుగు మందంగా, జారకుండా ఉండాలి. గాజుపెంకులు, మేకులు ఉంటాయి.
• చీకట్లో లోపల టార్చి వేయండి. వెలుగు బయటికి కనిపిస్తే చిల్లు ఉన్నట్టే. ఆ చిల్లులోంచి వచ్చే మురుగునీరు పుండుకు తగిలితే ఎలుక జ్వరం రావచ్చు.
• నడుము బెల్టు బిగించండి. లేకపోతే పడినప్పుడు సూట్లో నీళ్లు నిండి లేవలేరు.

మరిచిపోకండి
సూటు నీళ్లను ఆపుతుంది గానీ విషవాయువును ఆపదు. మ్యాన్‌హోల్‌లోకి, ట్యాంకులోకి సూటు ఉంది కదా అని దిగవద్దు. యంత్రంతో చేయించమనండి. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే దూకకండి, 101కి, 108కి ఫోన్ చేయండి.